పరిశ్రమల్లో సోలార్, ఊక, బ్యాటరీ: నెల్లూరు, ప్రకాశం యూనిట్ల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో అయినా, బుచ్చిరెడ్డిపాళెం రైస్ మిల్లుల్లో అయినా, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గరైనా కరెంటు బిల్లు మాట వస్తే చివరికి వచ్చే ప్రశ్న ఒకటే: "సోలార్ పెడితే గిట్టుబాటవుతుందా?" దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చేసేవాళ్లను నమ్మకండి. మీకు శక్తి ఏ వేళలో కావాలి, కరెంటుగా కావాలా వేడిగా కావాలా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఇంటి మీద మూడు కిలోవాట్లు పెట్టుకునేవాళ్ల ప్రశ్నలు ఇక్కడ లేవు. షెడ్డు, మోటారు, బాయిలర్, కోల్డ్ రూమ్ ఉన్నవాళ్ల కోసమే ఈ పేజీ.

పరిశ్రమల్లో పునరుత్పాదక ఇంధనం మీద పరిశోధన ఇప్పుడు ఎటు పోతోంది?

పదిహేనేళ్ల కిందట పరిశోధకులు ఎక్కువగా ధర గురించే రాసేవాళ్లు. ప్యానెల్ సామర్థ్యం ఎలా పెంచాలి, యూనిట్ ఖర్చు ఎలా దించాలి అన్నదే గొడవ. ఆ గొడవ చాలావరకు తీరిపోయింది. ఐరెనా అనే అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ లెక్కల్లో 2010కీ 2023కీ మధ్య కొత్త సోలార్ ప్లాంట్ల కరెంటు సగటు ఖర్చు సుమారు 90 శాతం పడిపోయింది. మన దేశంలో 2025 జూన్ నాటికి స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కాని వనరులదే. అయితే ఏడాది పొడవునా తయారయ్యే యూనిట్లలో మాత్రం పెద్ద వాటా ఇప్పటికీ బొగ్గుదే. ప్లాంటు ఉండడం వేరు, కావలసిన గంటలో కరెంటు రావడం వేరు.

అందుకే ఇప్పుడు ఎక్కువ పని 'వేళ' మీద నడుస్తోంది. మధ్యాహ్నం మిగిలే కరెంటును రాత్రికి ఎలా దాచాలి? దాచడం కంటే ఫ్యాక్టరీ పనినే పగటికి జరిపితే చౌకా? రెండో పెద్ద విషయం వేడి. ప్రపంచంలో పరిశ్రమలు వాడే శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు వేడి కోసమే ఖర్చవుతోంది. మనం మాత్రం పునరుత్పాదకం అనగానే కరెంటు గురించే మాట్లాడుకుంటాం. ఆ వేడిలో సుమారు 30 శాతం 150 డిగ్రీల లోపుదే. ధాన్యం ఆరబెట్టడం, పాలు కాచడం, పొగాకు క్యూరింగ్ (ఆకును వేడితో ఆరబెట్టడం) అన్నీ ఆ 30 శాతంలోనివే. మన రెండు జిల్లాలకు పరిశోధనలో బాగా అక్కరకొచ్చే భాగం ఇదేనని నా అభిప్రాయం, మన దగ్గర ఎవరూ పట్టించుకోనిదీ ఇదే.

మూడోది మనుషుల సంగతి: లాభం అని తెలిసి కూడా ఎందుకు పెట్టరు అన్నది.

నిజంగానే, లాభమైతే అందరూ ఎందుకు పెట్టడం లేదు?

చిన్న, మధ్యతరహా పరిశ్రమల మీద జరిగిన సర్వేల్లో మళ్లీ మళ్లీ కనిపించే కారణాలు మనకు కొత్తవేమీ కావు. షెడ్డు అద్దెది. ప్యానెల్ పెట్టాల్సింది యజమాని, బిల్లు కట్టేది అద్దెదారు. ఇద్దరిలో ఎవరికీ తొందర ఉండదు. రెండోది, చేతిలో డబ్బు ఉంటే వ్యాపారి ముందు కొనేది ఇంకో మెషీను లేదా సరుకు, అయిదేళ్లకు తిరిగొచ్చే ప్యానెల్ కాదు. ఇందులో తెలివితక్కువ ఏమీ లేదు. వర్కింగ్ క్యాపిటల్‌కే టెన్షన్ పడుతున్న యూనిట్‌కు అదే సరైన లెక్క. మూడోది, ప్రభుత్వ నిబంధనలు మధ్యలో మారతాయన్న భయం. ట్రూఅప్ పేరుతో ఎప్పటివో బకాయిలు బిల్లులోకి వచ్చిన అనుభవం ఉన్నవాళ్లు ఇరవై ఏళ్ల లెక్కను అంత తేలిగ్గా నమ్మరు.

ఇంకో సంగతి ఉంది. 2012లో కాలిఫోర్నియా ఇళ్ల మీద వచ్చిన ఒక అధ్యయనం, ఒక ప్రాంతంలో సోలార్ పెట్టినవాళ్లు పెరిగేకొద్దీ మిగతావాళ్లు పెట్టే అవకాశం కూడా పెరుగుతుందని తేల్చింది. అది ఇళ్ల సంగతి. కానీ ఒకే రోడ్డు మీద వరసగా పాలిషింగ్ యూనిట్లు ఉండే చీమకుర్తి లాంటి చోట పక్కవాడి బిల్లు చూడడానికి మించిన ప్రచారం ఏముంటుంది?

మా గ్రానైట్ యూనిట్ 24 గంటలూ నడుస్తుంది. సోలార్ పెడితే బిల్లు సగం తగ్గుతుందా?

తగ్గదు. లెక్క చూడండి. మన ఎండకు ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. 100 కిలోవాట్లు పెడితే 400 యూనిట్లు. మీ లోడ్ 100 కిలోవాట్ల దగ్గర నిలకడగా 24 గంటలు ఉంటే రోజు వాడకం 2,400 యూనిట్లు. అంటే లోడ్‌కు సమానంగా ప్యానెళ్లు పెట్టినా ఆరో వంతే వస్తుంది.

రాతి బ్లాకులను పలకలుగా కోసే గ్యాంగ్‌సాల మీద పెద్ద బ్లాక్ ఎక్కిస్తే కోత పూర్తయ్యేదాకా ఆపలేరు, రాత్రంతా నడవాల్సిందే. పాలిషింగ్ లైన్, ఎడ్జ్ కటింగ్, కంప్రెసర్ అలా కాదు, వాటిని పగటి షిఫ్టుకు జరపొచ్చు. కాబట్టి ఏ మెషీను ఏ గంటలో నడుస్తోందో ముందు ఒక వారం రాసుకోండి. హెచ్‌టీ (హై టెన్షన్) మీటరులో 15 నిమిషాలకోసారి లోడ్ వివరం నమోదవుతూనే ఉంటుంది. డిస్కమ్‌ను (కరెంటు పంపిణీ సంస్థను) అడిగి తీసుకోవచ్చు. ఆ కాగితం చూడకుండా కొటేషన్ ఇచ్చే సోలార్ కంపెనీ మీ యూనిట్‌కు కాదు, మీ రేకుల విస్తీర్ణానికి కొటేషన్ ఇస్తున్నట్టు. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగులు కావాలి కనుక విస్తీర్ణమూ చూడాల్సిందే, కానీ అది రెండో లెక్క.

ప్యానెల్ పెట్టకుండా పగటి సోలార్ లాభం అందుకోవచ్చా?

కొంతవరకు అందుకోవచ్చు. కేంద్రం 2023లో వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి, సోలార్ ఎక్కువగా వచ్చే గంటల్లో టారిఫ్ మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలని చెప్పింది. పది కిలోవాట్లు దాటిన పరిశ్రమ, వాణిజ్య సర్వీసులకు ముందు, తర్వాత వ్యవసాయం కాక మిగతావాళ్లకు అని పెట్టింది. రాష్ట్రంలో ఏ గంటకు ఎంత అన్నది విద్యుత్ నియంత్రణ మండలి ఏటా ఇచ్చే ఉత్తర్వులో ఉంటుంది. బిల్లులో టీవోడీ (గంటను బట్టి రేటు) వరస చూస్తే మీకు వర్తించేది తెలుస్తుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, సోలార్ అమ్మేవాళ్లు దాన్ని ఎత్తరు. పగటి టారిఫ్ తగ్గేకొద్దీ మీ రేకుల మీద తయారయ్యే యూనిట్ విలువ కూడా తగ్గుతుంది. పాతికేళ్ల రాబడి లెక్కను ఇవాళ్టి రేటుతో, ఏటా పెరుగుతుందనే ఊహతో వేసిస్తే ఒప్పుకోకండి. పగటి రేటు పెరగదు అనుకుని మరోసారి వేయమనండి.

సోలార్ పెట్టాక పవర్ ఫ్యాక్టర్ పడిపోయింది. ప్యానెళ్లలో లోపమా?

లోపం కాదు, లెక్క. మోటార్లకు పని చేసే కరెంటు (కిలోవాట్లు)తో పాటు, వాటిలో అయస్కాంత క్షేత్రం నిలపడానికి రియాక్టివ్ కరెంటు (కేవీఏఆర్) కూడా కావాలి. రెండూ కలిసినది కేవీఏ, అందులో పని చేసే భాగం ఎంతో చెప్పేదే పవర్ ఫ్యాక్టర్. మామూలు సెట్టింగులో సోలార్ ఇన్వర్టర్ మొదటిదే ఇస్తుంది. రెండోది మొత్తం గ్రిడ్ నుంచే వస్తుంది.

100 కిలోవాట్ల లోడ్, పవర్ ఫ్యాక్టర్ 0.95 అనుకుందాం. రియాక్టివ్ 33 కేవీఏఆర్ దాకా ఉంటుంది. గ్రిడ్ నుంచి లాగేది 105 కేవీఏ. మధ్యాహ్నం సోలార్ 80 కిలోవాట్లు ఇచ్చిందనుకోండి. గ్రిడ్ నుంచి 20 కిలోవాట్లే వస్తుంది, కానీ ఆ 33 కేవీఏఆర్ అలాగే ఉంటుంది. మామూలు కూడిక కాదు, వర్గాల లెక్కన రెండూ కలిపితే 38 నుంచి 39 కేవీఏ. మీటరు దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.52. బిల్లు కేవీఏహెచ్ (కేవీఏ గంటల) లెక్కన వచ్చే సర్వీసుల్లో ఇది నేరుగా దెబ్బ. 21 కేవీఏ మీద పడాల్సిన బిల్లు 38 మీద పడుతుంది.

మందు సులువైనదే. ఇన్వర్టర్‌ను రియాక్టివ్ కూడా ఇచ్చేలా సెట్ చేయించండి, లేదా రియాక్టివ్ ఇచ్చే కెపాసిటర్ ప్యానెల్‌ను గ్రిడ్ మీటరు వైపు చూసేలా మార్పించండి. పెట్టే రోజునే కాంట్రాక్టులో రాయించుకుంటే అదనపు ఖర్చు దాదాపు ఉండదు.

రాతి దుమ్ముతో ప్యానెళ్లు పనిచేస్తాయా?

పనిచేస్తాయి, కడిగితే. ప్యానెళ్ల మీద దుమ్ము వల్ల ప్రపంచ సోలార్ ఉత్పత్తిలో ఏటా కనీసం 3 నుంచి 4 శాతం పోతోందని 2019లో పరిశోధకులు అంచనా వేశారు. అది సగటు. క్వారీలు, కటింగ్ షెడ్ల మధ్య ఉన్న యూనిట్‌కు ఆ సగటు పనికిరాదు. మెత్తని రాతిపొడి తెల్లవారుజాము మంచుకు తడిసి, ఎండకు ఆరి, అద్దం మీద పొరలా గట్టిపడుతుంది. కింద అంచున చేరిన దుమ్ము ఇంకా చెడ్డది. అది ఒక వరస సెల్స్‌ను పూర్తిగా కప్పేస్తే ఆ ప్యానెల్‌లో పెద్ద ముక్కే ఆగిపోతుంది.

కడిగే నీళ్లు కూడా చూసుకోవాలి. బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువుంటే దుమ్ము పోయి తెల్లమరకలు మిగులుతాయి. ఆర్వో నీళ్లు, మెత్తని బ్రష్, ఎండ ఎక్కకముందే కడగడం. కాగుతున్న అద్దం మీద చన్నీళ్లు కొట్టకూడదు. పొడిగుడ్డతో రుద్దితే రాతిపొడి అద్దాన్ని గీసేస్తుంది. ప్యానెల్ వంపు కాస్త ఎక్కువ పెట్టించడం కూడా మేలు, వానకు కొంత దానంతటదే కారిపోతుంది.

మే నెల ఎండకు సోలార్ బాగా ఎక్కువ ఇస్తుంది కదా?

వెలుతురు ఇస్తుంది, వేడి తీసేసుకుంటుంది. ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలిచి రాస్తారు. మన రేకుల మీద సెల్ వేడి 60 డిగ్రీలు దాటుతుంది. ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున పదీ పన్నెండు శాతం పోతుంది. రేకుకూ ప్యానెల్‌కూ మధ్య గాలి ఆడేంత జాగా వదిలించండి.

రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి కలిపే ఏరియేటర్లకు సోలార్ పెట్టొచ్చా?

రొయ్యల రైతులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. వాళ్లకు నచ్చని జవాబు కూడా ఇదే.

గుంటలో పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ వాడుకుంటుంది. నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ (డీవో) అట్టడుగుకు పడేది తెల్లవారుజామున. రొయ్యలు పైకి తేలే గంట అదే, ఏరియేటర్లన్నీ తిరగాల్సిన గంట కూడా అదే. ఆ వేళ ప్యానెళ్లలో చుక్క కరెంటు ఉండదు. ఇక ధర సంగతి. ప్రభుత్వ నిబంధనల ప్రకారం అర్హత ఉన్న ఆక్వా రైతులకు యూనిట్ రూ.1.50కే వస్తోంది. ఆ రేటుకు కరెంటు దొరుకుతుంటే బ్యాటరీతో సోలార్ పెట్టడం నష్టమే. రాయితీ ఇవ్వొద్దని నా మాట కాదు. కానీ రాయితీ టారిఫ్ ఉన్నచోట సోలార్ ఎదగదని ఎన్ని పరిశోధనలు చెప్పినా, ప్రభుత్వాలు ఒక చేత్తో చౌక కరెంటు, ఇంకో చేత్తో సోలార్ ప్రచారం చేస్తూనే ఉంటాయి.

లెక్క తిరగబడేది డీజిల్ దగ్గర. తీరం చివర లైన్లలో కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద తయారయ్యే యూనిట్ ఖర్చు గ్రిడ్ రేటుకు ఎన్నో రెట్లు. ఆ కొద్ది గంటల కోసం చిన్న బ్యాటరీ, దాన్ని పగలు నింపడానికి కాసిని ప్యానెళ్లు అనేది లెక్క వేసి చూడదగిన ఆలోచన. డీవో సెన్సర్ పెట్టి, అవసరమైనప్పుడే ఏరియేటర్ తిరిగేలా చేస్తే ముందు ఆదా అక్కడే కనిపిస్తుంది. రాయితీకి అర్హత లేని పెద్ద కల్చర్లకు, ప్రాసెసింగ్ ప్లాంట్లకు లెక్క వేరు.

ఐస్ ఫ్యాక్టరీ, రొయ్యల కోల్డ్ స్టోరేజీ సంగతి?

ఇక్కడ మాత్రం సోలార్ బాగా కుదురుతుంది. ఐస్ అంటేనే దాచిపెట్టిన చలి. మధ్యాహ్నం కరెంటుతో దిమ్మలు కట్టి సాయంత్రం, తెల్లవారుజామున అమ్మొచ్చు. బ్యాటరీ అక్కర్లేదు. కోల్డ్ స్టోరేజీల్లో కూడా ఇదే సూత్రం మీద పరిశోధన జోరుగా ఉంది: పగలు గదిని మామూలు కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చల్లబరచడం, లేదా ఒక నిర్ణీత వేడి దగ్గర కరిగే పదార్థాల పలకలు గోడల్లో పెట్టి గడ్డకట్టించడం, పీక్ గంటల్లో కంప్రెసర్ ఆపేయడం. ఎగుమతి సరుకు కదా, ఉష్ణోగ్రత రికార్డులో తేడా రాకుండా చూసుకోవాలి. ముందు ఒక్క గదిలో చేసి చూడండి.

ఇసకపల్లి ఉప్పు కయ్యలు చూసినవాళ్లకు ఒక మాట. ఎండతో, గాలితో సరుకు తయారుచేసే పరిశ్రమ మన తీరానికి కొత్త కాదు. దానికి ఎవరూ గ్రీన్ సర్టిఫికెట్ ఇవ్వలేదు, అంతే.

బ్యాటరీ ధర పడిపోయింది అంటున్నారు. ఇప్పుడు కొనొచ్చా?

లిథియం అయాన్ బ్యాటరీ ప్యాక్ ప్రపంచ సగటు ధర 2010లో కిలోవాట్ అవర్‌కు వెయ్యి డాలర్లు దాటి ఉండేది. బ్లూమ్‌బర్గ్ ఎన్ఈఎఫ్ అనే పరిశోధన సంస్థ సర్వే ప్రకారం 2024లో 115 డాలర్లు. పడిపోయిన మాట నిజమే. కానీ ఇది ప్యాక్ ధర. ఇన్వర్టర్, కూలింగ్, అగ్ని రక్షణ, పన్నులు అన్నీ వేశాక మీకు పడేది వేరు.

కేవలం రాత్రి కరెంటు కోసం బ్యాటరీ కొనడం చాలా యూనిట్లకు ఇంకా గిట్టదు. ఒకే బ్యాటరీతో మూడు పనులు చేయించగలిగితే ఆలోచించాలి: సాయంత్రం పీక్ రేటు తప్పించుకోవడం, మోటార్లన్నీ ఒకేసారి స్టార్ట్ అయినప్పుడు గరిష్ఠ డిమాండ్ ఎగరకుండా ఆపడం, జనరేటర్ డీజిల్ మిగల్చడం.

రైస్ మిల్లులో ఊక ఉంది. దానితో కరెంటు తయారుచేయాలా, బాయిలర్‌కే వాడాలా?

బాయిలర్‌కే. వంద కిలోల వడ్లకు 20 నుంచి 22 కిలోల ఊక వస్తుంది. కిలో ఊకలో మూడు వేల కిలో కేలరీలకు పైగా వేడి ఉంటుంది. బాయిల్డ్ రైస్ మిల్లు ఆ వేడిని నేరుగా ఆవిరిగా, డ్రైయర్‌లో వేడిగాలిగా వాడుకుంటే అందులో మంచి భాగం పనికి వస్తుంది. అదే ఊకతో చిన్న టర్బైన్ తిప్పి కరెంటు తీస్తే అయిదో వంతు కూడా చేతికి రాదు, మిగతాదంతా చిమ్నీలోకే. ఊకను గ్యాస్‌గా మార్చే గ్యాసిఫైయర్లకు తారు తలనొప్పి. వాటి మీద దశాబ్దాలుగా పరిశోధన జరుగుతున్నా చిన్న మిల్లులో నిలకడగా నడపడానికి అదే అడ్డు.

ఊక చేతిలో ఉంది కదా అని పారబోసినట్టు కాల్చడం మాత్రం ఇక కుదరదు. బొగ్గు ప్లాంట్లు తమ ఇంధనంలో కొంత వాటా వ్యవసాయ వ్యర్థాల గుళికలు కలపాలని కేంద్రం నిబంధన పెట్టింది. మనకు కూతవేటు దూరంలో, కృష్ణపట్నం పక్కన, ఒక్క దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలోనే 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. ఇటుక బట్టీలు, ఇతర ఫ్యాక్టరీల బాయిలర్లు కూడా ఊక కొంటాయి. అంటే మీరు మిగిల్చే ప్రతి టన్నుకూ కొనేవాడు ఉంటాడు, ఊక ధర మీకు అనుకూలంగానే కదులుతుంది.

మిగల్చడం ఎలా? బాయిలర్ వాళ్లకు తెలిసిన పాత సూత్రం ఒకటుంది. బాయిలర్‌లోకి వెళ్లే నీళ్లు ప్రతి ఆరు డిగ్రీలు వేడెక్కితే ఇంధనం ఒక శాతం మిగులుతుంది. 30 డిగ్రీల నీళ్లను రేకుల మీద సోలార్ వాటర్ హీటర్లతో 60కి తెచ్చి పంపితే అయిదు శాతం. కరెంటు ప్యానెళ్ల కంటే చిన్న పెట్టుబడి. ఆవిరిని ఆపి నీటిని మాత్రం వదిలే స్టీమ్ ట్రాప్‌లు లీకవకుండా, పైపులకు ఇన్సులేషన్ ఊడకుండా చూసుకున్నా ఇంధనం మిగులుతుంది, దానికి పెద్ద పెట్టుబడి కూడా అక్కర్లేదు.

బూడిద సంగతి కూడా చెప్పాలి. ఊకలో 15 నుంచి 20 శాతం బూడిదే మిగులుతుంది, అందులో ఎక్కువ భాగం సిలికా. మిల్లుల చుట్టూ ఇళ్లవాళ్లు కళ్లలో పడుతోందని గొడవ పడేది దీని గురించే. అదే బూడిదను కాంక్రీట్లో సిమెంటుకు బదులు కొంత కలపవచ్చు, సిలికా తీయవచ్చు. ఊకను మరీ ఎక్కువ వేడి దగ్గర కాల్చకుండా, సుమారు 700 డిగ్రీల లోపు ఉంచితేనే ఆ సిలికా చురుగ్గా ఉంటుంది. మామూలు కొలిమిలో ఆ అదుపు ఉండదు. పరిశోధన ఉంది, కొనేవాళ్లున్నారు, నాణ్యత నిలకడగా ఇచ్చే మిల్లులే తక్కువ.

పొగాకు క్యూరింగ్ చేసే బ్యారన్లకు కట్టెలు మానేయొచ్చా?

కొండపి, టంగుటూరు, కందుకూరు వైపు వర్జీనియా రైతులకు కట్టెల ఖర్చు ఏటా గుదిబండ. క్యూరింగ్‌కు కావాల్సిన వేడి సుమారు 35 డిగ్రీల దగ్గర మొదలై చివర్లో 70 దాకా వెళ్తుంది. ఇది హీట్ పంప్ సులువుగా అందుకునే వేడి. హీట్ పంప్ అంటే ఏసీని తిరగేసి వాడినట్టు, ఒక యూనిట్ కరెంటుతో రెండు మూడు యూనిట్ల వేడి లాగుతుంది. చైనాలో పొగాకు క్యూరింగ్‌కు వీటిని వాడుతున్నారు. మన దగ్గర అడ్డంకి సాంకేతికం కాదు. బ్యారన్ ఏడాదిలో కొద్ది నెలలే నడుస్తుంది. మిగతా కాలం ఖాళీగా ఉండే యంత్రం మీద అంత డబ్బు ఎవరు పెడతారు? మిర్చి, పసుపు, మునగాకు ఆరబెట్టడానికి కూడా అదే యంత్రం వాడేలా సంఘంగా కొంటే తప్ప లెక్క కుదరదు. అప్పటిదాకా బ్యారన్ పైకప్పుకు ఇన్సులేషన్, పొలం వ్యర్థాల బ్రికెట్లు.

పాల డెయిరీలకు ఇదే టెక్నాలజీ ఇంకా బాగా కుదురుతుంది. పాశ్చరైజేషన్‌కు కావాల్సింది 72 డిగ్రీలు, ఆ వెంటనే చల్లబరచాలి. వేడి, చలి రెండూ ఒకే యంత్రం ఇస్తుంది, అదీ ఏడాది పొడవునా.

మా రేకుల మీద జాగా లేదు. బయట నుంచి సోలార్ కరెంటు కొనొచ్చా?

కొనొచ్చు. 2022 జూన్‌లో వచ్చిన గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ (బయటి ప్లాంటు నుంచి నేరుగా కొనుక్కునే) నిబంధనలు, కనీసం ఒక మెగావాట్ లోడ్ ఉండాలన్న గీతను 100 కిలోవాట్లకు దించాయి. దరఖాస్తుకు 15 రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టే అని కూడా రాశాయి. కర్నూలు, అనంతపురం వైపు ప్లాంటులో తయారైన కరెంటు గ్రిడ్ మీద మీ యూనిట్ లెక్కలోకి వస్తుంది.

దారి ఖర్చులే అసలు సంగతి. ట్రాన్స్‌మిషన్, వీలింగ్ (డిస్కమ్ లైన్ల అద్దె), నష్టాలు, క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి (బయట కొనేవాళ్ల నుంచి డిస్కమ్ వసూలు చేసేది) అన్నీ కలిపితే చౌక కరెంటు చౌకగా మిగలకపోవచ్చు. క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి తప్పించుకోవడానికి గ్రూప్ క్యాప్టివ్ దారి ఉంది: వాడేవాళ్లంతా కలిసి ప్లాంటులో కనీసం 26 శాతం వాటా పెట్టాలి, తయారైన దాంట్లో ఏటా కనీసం 51 శాతం వాళ్లే వాడాలి. ఒక్క చిన్న యూనిట్‌కు ఇది సాగదు. పది పాలిషింగ్ యూనిట్లు కలిస్తే సాగుతుంది. కలవడమే కష్టం.

నెల్లూరు వాళ్లు మాట్లాడాల్సింది తిరుపతిలోని డిస్కమ్ ఎస్పీడీసీఎల్‌తో, ఒంగోలు వాళ్లు విజయవాడలోని డిస్కమ్ సీపీడీసీఎల్‌తో.

పెట్టుబడి కంపెనీదే, మేం యూనిట్‌కు ఇంత కడితే చాలు అంటున్నారు. నమ్మొచ్చా?

పద్ధతి మంచిదే. దేశంలో చాలా ఫ్యాక్టరీలు ఇలాగే పెట్టుకున్నాయి. కాగితం మాత్రం చదవాలి. మీ యూనిట్ మూతపడినా, సెలవులిచ్చినా కనీస యూనిట్లకు డబ్బు కట్టాలనే షరతు ఉందేమో చూడండి. గ్రానైట్ ఆర్డర్లు తగ్గిన ఏడాది అదే మెడకు చుట్టుకుంటుంది. ఏటా రేటు ఎంత పెరుగుతుంది, రేకులు మార్చాల్సి వస్తే ప్యానెళ్లు దించే ఖర్చు ఎవరిది, మధ్యలో కొనేయాలంటే ధర ఎంత అన్నవి రాతలో ఉండాలి.

సబ్సిడీ ఎంత వస్తుంది?

పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే, ఫ్యాక్టరీలకు లేదు. మీకున్నవి వేరు: ఆదాయపు పన్నులో సోలార్ మీద 40 శాతం తరుగుదల, 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింపు. రాష్ట్రం 2024 అక్టోబరులో తెచ్చిన సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానం 160 గిగావాట్లకు పైగా లక్ష్యం పెట్టుకుంది, కానీ అందులో ఎక్కువ మాటలు పెద్ద ప్లాంట్ల గురించే. చిన్న యూనిట్లు రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్‌లో అడిగి తమకేముందో తెలుసుకోవాలి.

యూరప్ కార్బన్ పన్ను మన గ్రానైట్, రొయ్యల మీద పడుతుందా?

2026 జనవరి నుంచి అమలవుతున్న ఆ పన్ను సిమెంటు, ఇనుము ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్ మీదే. గ్రానైట్, రొయ్యలు జాబితాలో లేవు. ఆ పేరు చెప్పి భయపెట్టి సోలార్ అమ్మితే పడిపోకండి. పెద్ద కొనుగోలుదారులు తమ సరఫరాదారుల కరెంటు వివరాలు అడగడం మాత్రం పెరుగుతోంది. ఆ ఫారం నింపడానికి నెలవారీ యూనిట్లు, డీజిల్ లీటర్లు ఇప్పటి నుంచే రాసి పెట్టుకుంటే చాలు.

తుపానుకు ప్యానెళ్లు ఎగిరిపోతే?

2023 డిసెంబరులో మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటింది. మన తీరానికి ఇది మామూలు ముచ్చట. భారత ప్రమాణాల్లో మన కోస్తాకు డిజైన్ గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. స్ట్రక్చర్ డిజైన్ ఆ అంకెతో చేశారా అని లిఖితపూర్వకంగా అడగండి. పాత రేకుల షెడ్డయితే ప్యానెళ్ల కంటే ముందు ట్రస్సుల బలం చూపించుకోండి. ఉప్పు గాలికి తట్టుకున్నట్టు ఐఈసీ 61701 పరీక్ష పాసైన ప్యానెళ్లు, గాల్వనైజ్ చేసిన స్ట్రక్చర్, స్టెయిన్‌లెస్ బోల్టులు కావాలి. బోల్టుల దగ్గర మిగిల్చే డబ్బు తుపానుకు పోతుంది.

కరెంటు పోతే సోలార్ నడుస్తుందా?

నడవదు. లైన్ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణాల కోసం గ్రిడ్ పోగానే ఇన్వర్టర్ ఆగిపోతుంది. జనరేటర్‌తో కలిపి నడపాలంటే ప్రత్యేక కంట్రోలర్ కావాలి, జనరేటర్ మీద కనీసం 30 శాతం లోడ్ ఉంచాలి.

గ్రీన్ హైడ్రోజన్, బయోగ్యాస్ మనకు పనికొస్తాయా?

హైడ్రోజన్ ఎరువులకు, రిఫైనరీలకు, ఉక్కుకు. కిలో తయారీకి 50 యూనిట్లకు పైగా కరెంటు తింటుంది. చిన్న యూనిట్ వాళ్లు దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. బయోగ్యాస్ దగ్గరి సంగతి. కనిగిరి వైపు పీసీపల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంటుకు 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. బీడు భూముల్లో గడ్డి పెంచి గ్యాస్ తీయాలన్నది ఆలోచన. ఆ మెట్టలో గడ్డికి నీళ్లు ఏడాదంతా ఎక్కడి నుంచి వస్తాయన్నది నాకైతే గ్యాస్ కంటే పెద్ద ప్రశ్న.

పాడైన ప్యానెళ్లను ఏం చేయాలి?

పాతసామాన్ల వాడికి అమ్మకూడదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ ప్యానెళ్లు కూడా ఉన్నాయి. వెనక్కి తీసుకునే బాధ్యత ఎవరిదో కొనేటప్పుడే బిల్లు మీద రాయించుకోండి.

ఇంజనీరింగ్ విద్యార్థులం. ప్రాజెక్టుకు మంచి విషయం చెప్పండి.

సోలార్ ప్యానెల్ వంపు కోణం మీద మళ్లీ ఇంకో సిమ్యులేషన్ చేయకండి, అవి వేలల్లో ఉన్నాయి. చీమకుర్తిలో రెండు ప్యానెళ్లు పక్కపక్కన పెట్టి, ఒకటి కడుగుతూ, ఒకటి కడగకుండా ఏడాది కొలవండి. ఏ నెలలో ఎన్ని రోజులకోసారి కడిగితే గిట్టుబాటో తేల్చండి. లేదా ఒక గుంట దగ్గర ఏరియేటర్ కరెంటు, డీవో రెండూ ఒకే గడియారం మీద ఒక పంట కాలం నమోదు చేయండి. మిల్లు బూడిదను నెలకోసారి తెచ్చి ల్యాబులో సిలికా చూడండి. మన రెండు జిల్లాల్లో ఇలాంటి కొలతలు చేతికి దొరకడమే కష్టం. అవి తెస్తే మీ గైడ్ కంటే ముందు మిల్లు యజమానులే మీ రిపోర్టు అడుగుతారు. ప్యానెల్, మీటరు ఇమ్మని కంపెనీలను అడిగే ముందు యూనిట్ యజమాని దగ్గర ఏడాది బిల్లుల జిరాక్స్ తీసుకోండి, కొలతలను పోల్చి చూసుకోవడానికి మొదట కావాల్సింది అవే.